నాయుడు గారి మోచెయ్యి

పొద్దున్నే డాక్టరమ్మ మిషన్ మీది తువ్వాలు తీసేసరికి తవిటినాయుడు కుడిచేతి చొక్కా మోచెయ్యి పైదాకా మడిచి స్టూలు మీద కూచుని ఉండాలి. ఎవరూ పెట్టిన నియమం కాదు. కిందటి వానల్లో స్కానింగ్ మిషన్ వచ్చినప్పుడు అలా మొదలైంది, అలాగే సాగుతోంది. ఆమె సీసాలోంచి చల్లటి జెల్లీ పిండి అతని మోచేతి లోపలి ఎముకకి కాస్త పైన రాస్తుంది. సబ్బుబిళ్లంత ప్రోబుని దాని మీద ఆనించి అటూ ఇటూ జరుపుతుంది. తెర మీద బూడిదరంగు ఇసక కదిలినట్టు కదిలి, మధ్యలో నరం తేలుతుంది, అడ్డంగా కోసిన ములక్కాడ ముక్కలాగ. అప్పుడామె రంగు మీట నొక్కుతుంది. నరం లోపల అక్కడక్కడా ఎర్రచుక్కలు మినుకు మినుకుమంటాయి.

"మళ్లీ గోల మొదలెట్టింది మీ మిషను," అంటాడు నాయుడు.

"దానికి గోలెక్కువ నాయుడు గారూ, మీలాగే," అంటూ డాక్టర్ ప్రసూన గుండ్రటి బొత్తాం వెనక్కి తిప్పుతుంది. చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. అన్నీ ఆరిపోయాక, "ఆఁ, కుదిరింది. పిలవండి," అంటుంది.

కుష్టువల్ల వాచిన నరంలోకి నెత్తురు ఎక్కువగా పారుతుంది. ఆ పారడమే తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. మంచి నరంలో ఏమీ కనిపించకూడదు. కనిపిస్తే అది మిషన్ తన లోపల తాను చేసుకునే గోల. బొత్తాం ఎక్కడిదాకా తిప్పితే గోల పోతుందో తెలియాలంటే రోజూ ఒక మంచి చెయ్యి కావాలి. నర్సులు ఇవ్వలేదు. పుళ్లు కడగడానికి జంకని పిల్లలు, రోగుల కోసం తెచ్చిన మిషన్ కింద చెయ్యి పెట్టమనేసరికి ఏదో పని గుర్తొచ్చినట్టు వార్డులోకి వెళ్లిపోయారు. వాచ్‌మన్ పెట్టాడు గాని చక్కిలిగింతలని గెంతులేశాడు. మిగిలింది నాయుడు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ రోగుల నరాలు వేళ్లతో తడిమి చూడటమే అతని పని. తన చెయ్యి ఒకసారి చాపడానికి అతనికేం అభ్యంతరం? పైగా అందులో కాస్త గొప్ప కూడా ఉంది. 'ఇంత ఆస్పత్రికీ మంచి చెయ్యి నాదొక్కటే' అని కేంటీన్లో అందరితోనూ అనేవాడు.

ఆ మిషన్ వచ్చాక అతనికి ప్రాణం తెరిపిన పడింది. పలాస చేతులతో వేగడం అంత తేలిక కాదు. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లలో సగంమంది జీడిపిక్కల ఫేక్టరీల్లో పని చేస్తారు. పిక్క పెంకులోంచి కారే సొన తగిలి వేళ్లు నల్లబడి, తోలు ఊడి, మళ్లీ మందంగా పెరిగి, చివరికి ఏం ముట్టుకున్నా తెలియని చేతులైపోతాయి. నైలాను పోగుతో పొడిచి 'తెలుస్తోందా' అని అడిగితే, రోగం ఉన్న ఆడమనిషీ తెలియదనే అంటుంది, లేని ఆడమనిషీ తెలియదనే అంటుంది. ఏది సొన, ఏది రోగం? అందుకే అక్కడ వేళ్లు మొద్దుబారాయంటే ఎవరూ పట్టించుకోరు. తెర మీద నరం కనిపించడం మొదలయ్యాక ఆ పేచీ తీరిపోయిందనుకున్నాడు నాయుడు.

సోమవారం నాటి వరసలో దాలమ్మ మొహం కనిపించేసరికి అతనికి నీరసం వచ్చింది. ఈమధ్య రావడం ఇది మూడోసారి. కుష్టుకి వేసుకోవాల్సిన మాత్రలు ఎప్పుడో పూర్తిగా వేసేసుకుంది, రోగం పోయింది. మళ్లీ మళ్లీ ఎందుకొస్తున్నట్టు? ఫేక్టరీలో పొట్టు తీసే హాల్లో పని ఆమెది. నలభై ఏళ్లుంటాయేమో, మనిషి పలచగా, నుదుటి మీద ఎప్పుడూ చెమటతో ఉంటుంది.

"మళ్లీ ఏటమ్మా?"

"అదే బావూ. చిటికిన ఏలు నా మాట ఇనడం నేదు. మోసేతి కాణ్నుంచి జివ్వుమని లాగుతన్నాది. పొట్టు తీత్తంటే పప్పు గుండుగా రావాల కదా, బద్దలయిపోతన్నాది. మేస్త్రి తిడతన్నాడు."

"కిందటిసారీ ఇదే చెప్పావు."

"కిందటిసారీ ఇలగే ఉంది కాబట్టి ఇదే సెప్పినాను."

పక్కనున్న ముసలాయన కిసుక్కున నవ్వాడు. నాయుడికి నవ్వు రాలేదు. ఆమె చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య అట్టముక్క పెట్టి, గట్టిగా పట్టుకోమని లాగాడు. అట్టముక్క చేతిలోకి వచ్చేసింది.

"గట్టిగా పట్టుకోమన్నాను."

"పట్టుకున్నాను బావూ."

"నటించకమ్మా."

ఆ మాటకి దాలమ్మ మొహం చిన్నబోయింది. నాయుడు చూశాడు గాని చూడనట్టు ఊరుకున్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో అతను నేర్చుకున్నదేమిటంటే, ఆడమనిషికి పగటిపూట మంచం మీద నడుం వాల్చే హక్కు ఆస్పత్రిలో తప్ప ఇంకెక్కడా లేదు. అందుకోసం వచ్చేవాళ్లుంటారు. వాళ్లమీద అతనికి కోపం లేదు. కాని వార్డులో ఉన్నవి కొన్ని మంచాలే.

డాక్టర్ ప్రసూన మాత్రం ఓపిగ్గానే చూసింది. ప్రోబు ఆనించి పైకీ కిందికీ జరిపింది, రంగు మీట నొక్కింది. తెర మీద నరం బూడిదరంగులో ప్రశాంతంగా ఉంది. ఒక్క ఎర్రచుక్క లేదు.

"నరం కొంచెం లావుగా ఉంది దాలమ్మా, అది పాతదే. రోగం పోయాక కూడా ఒక్కోసారి నరం వాస్తుంది గాని, నీకు కొత్తగా వాపేమీ లేదు. వాపు లేకుండా వాపు తగ్గించే మాత్రలు ఇవ్వకూడదు. షుగరొస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. మంచికంటే చెడే ఎక్కువ."

"మరి లాగడం?"

"నూనె రాసుకో, వ్యాయామం చెయ్యి. నాయుడు గారు చూపిస్తారు."

నాయుడు వ్యాయామం చూపించాడు. ఆమె అతని వేళ్లవైపు కాకుండా మొహంవైపు చూస్తూ కూచుంది. విసుగొచ్చి చొక్కా పైకి మడిచి తన మోచెయ్యి ఆమె ముందు పెట్టాడు.

"ఇదిగో, అమ్మగారు పొద్దున్న నా నరమూ చూశారు. నా దాన్లో ఏం లేదు, నీ దాన్లో ఏం లేదు. మిషను అబద్ధమాడదు కదా?"

"మిషనుకేటి తెలుసు బావూ. మీరొచ్చి నా పీట మీద కూకోండి, ఒక్క పూట పొట్టు తియ్యండి. అప్పుడు సెప్పండి ఏం నేదని."

చెంగు దులుపుకుని వెళ్లిపోయింది. మధ్యాన్నం ఫేక్టరీ మేస్త్రి ఫోను చేశాడు. "ఏటి నాయుడు గారూ, ఈ దాలమ్మ ఆస్పత్రి పేరు సెప్పి పని మానేత్తంది. సెయ్యి బావున్నాదా, నేదా? ఒక్క మాట సెప్పీయండి." నాయుడు అన్నం తింటున్నాడు. "బావుంది," అని పెట్టేశాడు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి పెరట్లో బకెట్టు నిండా వేడినీళ్లు పెట్టి ఉన్నాయి. పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే. ఆస్పత్రి నుంచి వచ్చినవాడు ఒంటిమీద నీళ్లు పోసుకోకుండా గడప లోపల అడుగు పెట్టకూడదని భార్య కూర్మమ్మ శాసనం. ఆ రోగం అలా అంటుకునేది కాదని నాయుడు మొదట్లో వాదించాడు. తర్వాత వాదన మానేసి స్నానం చెయ్యడం మొదలెట్టాడు.

స్నానం చేసి వచ్చి కూచుంటే మోచెయ్యి సలిపింది. కూర్మమ్మ కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి తెచ్చింది.

"ఆ బండి అమ్మీయ్. దాని హేండిలు వణుకుడికే నీకు ఈ సలుపు."

"రిటైరయ్యాక అమ్ముతాలే."

"అప్పటికి సెయ్యి ఉండాల కదా," అని ఆమె నవ్వుతూ మర్దనా చేసింది. ఆమె వేళ్లు తన చిటికెన వేలి పక్కగా పోతున్నప్పుడు సగం తెలిసీ సగం తెలియనట్టుండటం నాయుడు పట్టించుకోలేదు. అలసట, అంతే అనుకున్నాడు.

మర్నాడు ఫేక్టరీకి వెళ్లాల్సి వచ్చింది. ఏటా ఒకసారి పనివాళ్ల ఒంటిమీద మచ్చలేమైనా ఉన్నాయేమో చూసి రావాలి. యజమాని ఒప్పుకునేది పని ఆపకుండా చూసుకుంటేనే. అందుకని నాయుడు వరసల మధ్య వంగుతూ లేస్తూ, ఒక్కొక్కరి వీపూ మెడా చేతులూ చూసుకుంటూ వెళ్లాడు. పొట్టు తీసే హాల్లో వందమంది ఆడవాళ్లున్నా పెద్దగా మాటలుండవు. గోటితో, చిన్న చాకుతో పప్పుమీది ఎర్రపొట్టు తీసి పళ్లెంలోకి జారవిడవడమే. గుండుది ఒక పళ్లెం, బద్ద ఒక పళ్లెం, ముక్క ఒక పళ్లెం. ఎవరి పళ్లెంలో ఏది ఎక్కువుందో మేస్త్రి నిలబడ్డ చోటునుంచే కనిపెడతాడు.

దాలమ్మ పీట ఖాళీగా ఉంది.

"అది ఇక్కడ నేదు. పిక్కలు కొట్టే సెడ్డులో ఉన్నాది," అన్నాడు మేస్త్రి.

"అక్కడెందుకు?"

"మీరే కదేటి సెయ్యి బావుందన్నారు. సెయ్యి బాగుండి కూడా గుండు పగలగొడతంటే అది పొగరు కాదా? సొనలో నాల్రోజులు కూకుంటే దిగుతాది."

నాయుడు షెడ్డులోకి వెళ్లాడు. వేయించిన పిక్కల పొగకి కళ్లు మండుతున్నాయి. ఆడవాళ్లు వరసగా చెక్కబల్లల ముందు నిలబడి, పిక్కని కత్తుల మధ్య పెట్టి, కాలితో పెడలు తొక్కుతున్నారు. టప్పుమని పెంకు విచ్చుకున్నప్పుడల్లా సొన చింది చేతుల మీద పడుతోంది. అందరూ చేతులకి ఆముదం రాసుకుని, దానిమీద బూడిద పూసుకుని ఉన్నారు. దాలమ్మ చివర్న ఉంది. ఇతన్ని చూసి కూడా చూడనట్టు ఇంకో పిక్క పెట్టింది.

ఆమె చిటికెన వేలి పక్కనుంచి నెత్తురు బూడిదలోకి ఇంకి మడ్డిలాగ అయింది.

"దాలమ్మా, ఆగు. వేలు తెగింది."

"ఎక్కడ?" అని చెయ్యి తిప్పి చూసుకుంది. కాసేపు అలాగే చూసింది, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు. "తెలీనేదు," అంది.

నాయుడు సంచీలోంచి గుడ్డ తీసి, వేలు కడిగి కట్టు కట్టాడు. ముడి వెయ్యబోతే గుడ్డ కొస వేళ్లలోంచి జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. చివరికి పంటితో లాగి బిగించాడు.

"మీకూ ముడి పడ్డం నేదేటి?" అంది దాలమ్మ. వెటకారమో, నిజంగా అడిగిందో తెలియలేదు.

"వయసు."

"నాకు వయసు కాదు బావూ. ఈ సేత్తో నేను పదేళ్లు గుండు తీసినాను. మా హాల్లో నా పళ్లెం సూసి మిగతావోళ్లకి సెప్పేవోరు. ఈ సెయ్యి పోతే నన్ను ఎవులు పిలుస్తారు సెప్పండి? ఇంటికాడ ముగ్గురున్నారు. నటించడానికి నాకేటి, సరదానా?"

నాయుడు ఆమెని తిరిగి హాల్లోకి పంపమని మేస్త్రిని అడిగాడు. మేస్త్రి సరే సరే అన్నాడు గాని, ఆ సరేకి అర్థం ఏమిటో ఇద్దరికీ తెలుసు. తిరిగొస్తూ నాయుడు తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. పాత తిమ్మిరి ఉన్న వేలికి తెగితే తెలియదు, అందులో వింతేముంది? డాక్టరమ్మ చూసింది. మిషన్ చూసింది. తను చెయ్యగలిగింది చేశాడు. ఇంత చెప్పుకున్నా మనసు మాత్రం కుదుటపడలేదు.

బుధవారం దారిలో బండి పంచరైంది. తోసుకుంటూ ఆస్పత్రికి చేరేసరికి బాగా ఆలస్యమైంది. స్కానింగ్ గదిలో మిషన్ తువ్వాలు తీసి ఉంది, తెర వెలుగుతోంది, డాక్టరమ్మ లేదు. కుర్చీ పక్కన జెల్లీ తుడిచిన దూది పడుంది.

"మీరు రాలేదని మేడమ్ తన చేతిమీదే పెట్టి సరిచేసుకున్నారు," అంది గుమ్మంలోంచి నర్సు. "వార్డులో ఎవరికో ఫిట్సొచ్చింది, పరిగెత్తారు. వరస మొదలెట్టొద్దన్నారు." తనూ వెళ్లిపోయింది.

డాక్టరు లేకుండా ఆ మిషన్ ముట్టకూడదు. తలుపు మీద రాసే ఉంది. నాయుడు ముట్టుకునేవాడు కాదు కూడా. కాని మోచెయ్యి రాత్రంతా సలిపింది, చెయ్యేమో అలవాటుగా చొక్కా మడిచేసింది, స్టూలేమో అక్కడే ఉంది. కాస్త జెల్లీ పిండుకుని, ఎడంచేత్తో ప్రోబు పట్టుకుని, ఆమె ఆనించే చోటే ఆనించాడు. ములక్కాడ ముక్క తేలింది. రంగు మీట నొక్కాడు.

తెర మధ్యలో ఎరుపు విరజిమ్మింది.

రోజూ కనిపించే నాలుగు చుక్కలు కావు. నరం నిండా, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉంది. నాయుడు ప్రోబు తీసి ఎడంచేతి మీద పెట్టబోయాడు. కుడిచెయ్యి ప్రోబుని సరిగ్గా పట్టలేకపోయింది. రెండు చేతులా సర్దుకుని, మోకాలి ఆసరాతో ఎలాగో పెట్టాడు. ఎడమ నరం సన్నగా, బూడిదరంగులో ఉంది. ఒక్క చుక్క లేదు. మళ్లీ కుడివైపు పెట్టాడు. మళ్లీ ఎరుపు.

మచ్చ లేకుండా నరంలోనే దాక్కునే కుష్టు ఒకటుంది. కొత్తగా చేరిన నర్సులకి దాని గురించి ఏటా పాఠం చెప్పేది నాయుడే.

అతనికి భయం వేసింది. వేలమందికి 'భయపడాల్సిన రోగం కాదమ్మా, మందుంది, పోతుంది' అని చెప్పింది అతనే. ఆ మాట అబద్ధం కాదని అతనికి తెలుసు. అయినా తెలిసినంత మాత్రాన భయం రాకుండా ఆగదు. పెరట్లో బకెట్టు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ కూర్మమ్మ దేనికి భయపడి ఆ నీళ్లు కాచిందో అది ఇవాళ తనతోపాటు గడప దాటి లోపలికి వెళ్తుంది. కేంటీన్లో తను పట్టుకున్న గ్లాసు గుర్తొచ్చింది. ఆస్పత్రిలో పని చేసేవాళ్లు కూడా మనుషులే, వాళ్లేం చూపులు చూస్తారో అతను ఎరగనిది కాదు.

చెయ్యి తనంతట తనే గుండ్రటి బొత్తాం మీదికి వెళ్లింది. వెనక్కి తిప్పాడు. ఎరుపు చిన్నదైంది. ఇంకొంచెం తిప్పాడు. నాలుగు చుక్కలు మిగిలాయి. ఇంకొంచెం తిప్పితే అవీ ఆరిపోయాయి. బొత్తాం రోజూ ఉండే చోటికే వచ్చింది. తెర మీద ప్రశాంతంగా ఉన్న నరం, ఆస్పత్రి మొత్తానికి ఒకే ఒక్క మంచి చెయ్యి.

ఎవరూ చూడలేదు. తుడుచుకుని లేచి వెళ్లిపోతే సరిపోతుంది.

లేచాడు కూడా. దూది కోసం చెయ్యి చాపినవాడు, అక్కడే ఆగిపోయాడు. ఆ బొత్తాం రోజూ తన చేతిమీదే తిప్పారు. తన నరంలో ఎరుపు ఆరిపోయేదాకా తిప్పి, ఆ తర్వాత రోగుల్ని పిలిచారు. అంటే తన నరమంత వాచిన నరం ఏదొచ్చినా తెర మీద ఏమీ కనిపించకుండా ముందే కట్టేసి, అప్పుడు చూశారు. దాలమ్మని మూడుసార్లూ అలాగే చూశారు.

తను నోరు మూసుకుంటే తను మంచివాడిగానే ఉంటాడు. దాలమ్మ చెయ్యీ మంచిదిగానే ఉంటుంది, అది పూర్తిగా చచ్చేదాకా.

నాయుడు మళ్లీ స్టూలు మీద కూచున్నాడు. బొత్తాం ముందుకి తిప్పాడు, డాక్టరమ్మ తన చేతిమీద పెట్టుకున్న గుర్తుదాకా. ప్రోబు మోచేతి మీద అలాగే ఆనించి పట్టుకుని, గుమ్మంవైపు చూస్తూ పిలిచాడు.

"అమ్మా! డాక్టరమ్మా! ఒకసారి ఇలా రండి."

ఆమె తడిచేతులు కోటుకి తుడుచుకుంటూ వచ్చింది. "మీరు మిషన్ ముట్టకూడదని తెలుసు కదా నాయు..." అని తెరవైపు చూసి ఆగిపోయింది. ప్రోబు తీసుకుంది. తన మోచేతి మీద పెట్టుకుంది. ఏమీ లేదు. అతని మీద పెట్టింది. ఎరుపు. మళ్లీ తనమీద, మళ్లీ అతనిమీద. తర్వాత బల్ల మీద అట్టముక్క తీసి అతని వేళ్ల మధ్య పెట్టింది.

"గట్టిగా పట్టుకోండి."

"పట్టుకున్నానమ్మా."

అట్టముక్క సునాయాసంగా వచ్చేసింది. ఇద్దరూ దానివంక చూశారు. డాక్టర్ ప్రసూన ముప్పై నిండని పిల్ల. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను మీ రెండో చెయ్యి ఒక్కసారైనా చూడాల్సింది. ఒక్కసారి. ఇన్ని నెలలు..."

"మీరేం చేస్తారమ్మా. ఎదురుగా చెయ్యి పెట్టుకుని కూచున్నది నేను. సలుపుతోందని నేనే చెప్పలేదు."

"ఎంతమందిని ఏం లేదని పంపించేశాం నాయుడు గారూ?"

"అందర్నీ మళ్లీ పిలుద్దాం. ముందు దాలమ్మని తీసుకొస్తాను."

"మీరు కూచోండి. జీపు పంపిద్దాం."

"జీపు పంపిస్తే ఆవిడ రాదు," అన్నాడు నాయుడు.

పంచరు వేయించుకుని నాయుడే బండి మీద వెళ్లాడు. దాలమ్మ అతన్ని చూసి కూడా రానంది. షెడ్డు బయట పంపు దగ్గర నిలబడి, కట్టు మీద నీళ్లు పడకుండా చెయ్యి ఎత్తి పట్టుకుని మాట్లాడింది.

"ఇంకా ఏటి సూత్తారు? మూడుసార్లు సూసినారు. మేస్త్రి ఇయ్యాల నాగా ఏసీసినాడంటే రేపు రావద్దంటాడు."

"మిషను తప్పు చూపించింది దాలమ్మా."

"మిషను అబద్ధమాడదన్నారు."

"మిషను ఆడలేదు. నా చెయ్యి మంచిదనుకుని దానితో పోల్చి చూశాం. నా చెయ్యి మంచిది కాదు." పంపు దగ్గర ఇంకో ఇద్దరు ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడి వింటున్నారు. మేస్త్రి కూడా గుమ్మంలోకి వచ్చాడు. నాయుడు గొంతు తగ్గించలేదు. "నాకూ ఆ జబ్బే. నరంలో ఉంది. ఇవాళే తెలిసింది. నువ్వు నటించలేదు. నేనే నిన్ను అనకూడని మాటన్నాను."

బిందెలవాళ్లలో ఒకామె ఒక అడుగు వెనక్కి వేసింది. నాయుడు అది చూశాడు. దాలమ్మ కూడా చూసి, ఆమెతో, "ఏటలగ జరిగిపోతన్నావ్? నిన్నటిదాకా నా పక్కన కూకుని బువ్వ తిన్నావు కదే," అంది. చెంగుతో చెయ్యి తుడుచుకుని బండివైపు నడిచింది.

ఆమె మోచేతిలో నరం కూడా ఎర్రగా వెలిగింది, కాని అంచుల్లోనే. నడిమధ్యలో నల్లగా, గట్టిపడినట్టుగా ఉంది. డాక్టర్ ప్రసూన చాలాసేపు చూసి, ఈసారి దాచకుండా చెప్పింది. మిగిలిన నరాన్ని మాత్రలు కాపాడతాయి. మిగతా వేళ్లు నిలబడతాయి, లాగుడు తగ్గుతుంది. చిటికెన వేలికి, దాని పక్క వేలికి పోయిన బలం చాలావరకు తిరిగి రాదు. తర్వాత ఆపరేషన్ ఉంది, దానితో కొంత. మొదటిసారి వచ్చినప్పుడే మొదలుపెట్టి ఉంటే వేరేగా ఉండేది. నాయుడిది అంత దూరం పోలేదు. బాగా కోలుకుంటుంది.

మందుల గది బయట బల్ల మీద ఇద్దరూ కూచున్నారు. ఇన్నేళ్లలో నాయుడు ఆ బల్ల మీద కూచోవడం అదే మొదలు. లోపల మందులిచ్చే అమ్మాయి అతని పేరు చదివి, తప్పు చదివానేమోనని మళ్లీ చదువుకుంది. నాయుడు లేచి వెళ్లి ఇద్దరివీ తెచ్చాడు. మళ్లీ కూచున్నాక దాలమ్మే మాట్లాడింది.

"మీది బాగవుతాదంట కదా."

"అవుతుందన్నారు."

"నాది అవ్వదు."

నాయుడు రోజుకి ఎన్నిసార్లు అంటాడో తెలియని మాట నాలుక చివరిదాకా వచ్చింది. అన్నీ బాగవుతాయమ్మా, మందు వేసుకో. ఆ మాట మింగేశాడు.

"అవ్వదు," అన్నాడు. "కొంత నిలబడుతుంది. గుండు తీసే చెయ్యి మాత్రం తిరిగి రాదు. నావల్ల పోయింది."

దాలమ్మ క్షమించానని అనలేదు. నాయుడు అది ఆశించలేదు కూడా. వరండాలో రోగులు కొందరు ఇటే చూస్తున్నారు. నాయుడు గారు రోగుల బల్ల మీద ఎందుకు కూచున్నాడో ఇంకా అర్థం కానట్టుంది వాళ్లకి. చెమట పట్టిన చేతిలో మాత్రలు కరిగిపోయేలా ఉన్నాయి. ఇంటికి తీసుకెళ్లి వేసుకుంటే బాగుండుననిపించింది అతనికి. ఎవరూ లేనప్పుడు. మెల్లగా జేబులో పెట్టుకోబోయాడు.

"ఏటది, జేబులో ఎడతన్నారు?" అంది దాలమ్మ.

మొదటి మోతాదు ఆస్పత్రివాళ్ల కళ్లెదుటే మింగాలి. మాత్రలు దవడన దాచుకుని, బయటికెళ్లి గోడ పక్కన ఉమ్మేసేవాళ్లుంటారు. రోగం ఉందని ఒప్పుకోవడం ఇష్టంలేక. అలాంటివాళ్లని పట్టుకోవడంలో నాయుడు పేరుమోసినవాడు.

ఆమె లేచి కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చింది. కట్టున్న చెయ్యి వదిలి, ఎడంచేత్తో తెచ్చింది. అతని ముందు నిలబడి గ్లాసు చాపింది.

"ముందు మీరు మింగండి. నా ఎదురుగా."

నాయుడు మాత్రలు నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు.

"నోరు తెరండి బావూ."

వరండా అంతా చూస్తోంది. నాయుడు నోరు తెరిచాడు.

"నాలిక ఎత్తండి."

ఎత్తాడు. దాలమ్మ వంగి, ఒక దవడా రెండో దవడా నిదానంగా చూసింది. చూసి గ్లాసు వెనక్కి తీసుకుని, అందులో మిగిలిన నీళ్లతో తన మాత్రలు మింగింది.